బాటసింగారం దగ్గర మామిడి వాసన

విజయవాడ నుంచి హైదరాబాదుకు రాత్రి బస్సులో వస్తున్నాను. చౌటుప్పల్ దాటాక ఎక్కడో మెలకువ వచ్చింది. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ముందు సీటాయన కిటికీ అద్దం కొంచెం జరిపాడు. చల్లగాలితో పాటు ఒక వాసన లోపలికి వచ్చింది. వరిగడ్డి, మామిడి సొన, తడిసిన గోనెసంచులు, వాటన్నిటి మీద కాస్త డీజిలు పొగ. నిద్రమత్తులోనే, కొత్తపేట వచ్చేసింది, దిగాలి అనుకుని కాళ్ల దగ్గర సంచీ కోసం తడుముకున్నాను.

కళ్లు తెరిస్తే కొత్తపేట కాదు, బాటసింగారం. పండ్ల మార్కెట్టును 2021లో ఇక్కడికి మార్చారని నాకు తెలుసు. పేపర్లో చదివాను, అమ్మ ఫోనులో చెప్పింది. ముక్కుకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

కొత్తపేటలో ఆ మార్కెట్టు 22 ఎకరాల్లో ఉండేది. గడ్డిఅన్నారం మార్కెట్టు అనేవాళ్లు. అది కూడా మొదటి నుంచీ అక్కడిది కాదు. పట్నం నడిమధ్యలో ఇరుకైపోయిందని 1980లలో ఊరి బయటికి తెచ్చి పెట్టారు. ఊరి బయట అంటే అప్పట్లో మా వైపు. ఇప్పుడు ఊరి బయట అంటే బాటసింగారం. మార్కెట్టు ఖాళీ చేసిన చోట వెయ్యి పడకల ఆసుపత్రి లేస్తోంది. ఎండాకాలం సెలవుల్లో, గాలి అటు నుంచి వీచినప్పుడు, కొత్తపేట మీదుగా వెళ్లే ప్రతి సిటీబస్సులోకీ ఈ వాసన టికెట్టు లేకుండా ఎక్కేది.

నేను వస్తున్నది సంతకాలు పెట్టడానికి. బాపు పోయి మూడేళ్లయింది. ఎల్.బి.నగర్‌లోని మా ఇల్లు బిల్డరుకు ఇస్తున్నాం. ఐదంతస్తులు లేపుతాడట. మాకు రెండు ఫ్లాట్లు.

*

బాపుది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. నాంపల్లిలో ఒక ఆఫీసులో గుమాస్తా. కాచిగూడలో ఒక గదిలో మేం నలుగురం, మాతో పాటు ఊరి నుంచి ఆసుపత్రికనీ, కోర్టుకనీ, పరీక్షలకనీ వచ్చే చుట్టాలు. ఒకరోజు తోటి ఉద్యోగి ఎవరో, విజయవాడ రోడ్డు మీద జాగలు అమ్ముతున్నారు, నెలనెలా కట్టవచ్చు అని చెప్పాడు. బాపు ఆదివారం పోయి చూసి వచ్చాడు. మరుసటి ఆదివారం అమ్మనూ మమ్మల్నీ తీసుకుపోయాడు.

నాకు గుర్తున్నదల్లా బండలు. ఏనుగులు పడుకున్నట్టు పెద్ద పెద్ద నల్లబండలు, వాటి మధ్య తంగేడు పొదలు, దూరంగా పందిళ్ల మీద పచ్చటి ద్రాక్షతోట ఒకటి. సున్నంతో గీసిన గీతలు. ప్రతి గీత మూలన ఒక రాయి, రాయి మీద ఎర్రరంగుతో అంకె. మాది 47. రెండు వందల గజాలు. అమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని నాలుగు దిక్కులూ చూసి, "ఇక్కడేం ఉంది?" అంది.

"రోడ్డుంది గదా," అన్నాడు బాపు. "మన ఊరి బస్సు ఇటే పోతుంది."

ఆ మాటకు అమ్మ అప్పుడు నవ్వింది. నాకు మాత్రం పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు. బాపు ఇల్లు కొనలేదు, ఊరికి పోయే బస్సుకు దగ్గరగా ఒక స్థలం కొన్నాడు. ఆయన ఒక్కడే కాదు. హైదరాబాదు శివార్లను గమనించండి. ఏ జిల్లా వాళ్లు ఎక్కువగా ఆ జిల్లా రోడ్డు మీదే దిగబడ్డారు. నల్గొండ, ఖమ్మం, కృష్ణా జిల్లాల వాళ్లు దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వైపు. వరంగల్ వాళ్లు ఉప్పల్ వైపు. పాలమూరు వాళ్లు రాజేంద్రనగర్ వైపు. ఎవరో బల్ల మీద పటం పరిచి వేసిన నగరం కాదిది. ఊరి బస్సు ఎక్కడ చెయ్యెత్తితే ఆగుతుందో అక్కడ ఇళ్లు వేసుకున్న జనం దాన్ని పెంచారు.

ఆ 47 నంబరు హద్దురాయిని బాపు పారేయనివ్వలేదు. ఇల్లు కట్టాక అది వెనుక బోరింగు దగ్గర బట్టలుతికే బండ అయింది. ఎర్రంకె మీద సబ్బు పడి పడి, నేను పదో తరగతికి వచ్చేసరికి నాలుగు చెరిగిపోయి ఏడే మిగిలింది.

*

ఆ రోజుల చప్పుళ్లు చెబుతాను. ఇప్పుడు అక్కడ ఒక్కటీ వినిపించదు.

పొద్దున నాలుగున్నరకు ఎత్తు మీద గేరు మార్చుకునే నల్గొండ బస్సు. దాని వెనకే పాల సైకిళ్ల గంటలు. బర్రెలున్న యాదవుల ఇళ్లు పాత ఊళ్లో ఉండేవి. మాది కాలనీ, వాళ్లది ఊరు. నడుమ అర కిలోమీటరు కూడా లేదు గానీ, ఊరి వాళ్లు మమ్మల్ని "కాలనోళ్లు" అని ఒక తెగ పేరులా పిలిచేవాళ్లు. ఎవరైనా పాలల్లో నీళ్లు కలిశాయంటే, "కాలనోళ్లకు చిక్కటి పాలు అరగవమ్మా" అని పాలాయన నవ్వేవాడు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు బండలు పేల్చే చప్పుడు. వడ్డెరలు ముందు ఈల వేసేవాళ్లు. ఈల వినగానే అమ్మ పొయ్యి మీది గిన్నె మూత గట్టిగా పట్టుకునేది. ధన్మని ఒక్క దెబ్బ. షాబాద్ బండల గచ్చు అదిరి, గూట్లో ఉన్న దేవుడి పటం కొంచెం పక్కకు వాలేది. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు దాన్ని సరిచేయడం నా పని. ఆ ఏనుగు బండలన్నీ ఒక్కొక్కటీ అలా కంకరై, పునాదులై, మా చుట్టూ ఇళ్లలోకి వెళ్లిపోయాయి. మా పునాదిలో కూడా ఎదురు జాగలోని బండే ఉంది.

రాత్రి మాత్రం హరిణ వనస్థలి వైపు నుంచి నెమలి కూతలు. ఒకప్పుడు నిజాముల వేటస్థలం అది. 1975లో కృష్ణజింకల కోసం అభయారణ్యం చేశారు. మహావీరుడి పేరు పెట్టారు. వేటాడిన చోటికి అహింస చెప్పినాయన పేరు పెట్టడం ఎవరి ఆలోచనో గానీ, నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. బస్సులోంచి కంచె అవతల జింకలు కనిపిస్తాయేమోనని మా అన్న, నేను కుడివైపు కిటికీ కోసం కొట్టుకునేవాళ్లం. నేను చూసింది మొత్తం రెండుసార్లు. అన్న ఇరవైసార్లు చూశానంటాడు. వాడి లెక్కలు ఎప్పుడూ అంతే.

*

బడికి, తర్వాత కాలేజీకి కోఠి వైపు వెళ్లాలి. సిటీబస్సు ఎల్.బి.నగర్ చౌరస్తాతో సరి. అక్కడి నుంచి మా కాలనీ దాకా నడక. ఆ చౌరస్తాలో అప్పట్లో ఒక ఇరానీ హోటలు, ఒక సైకిలు షాపు, రెండు పాన్ డబ్బాలు. నాగార్జునసాగర్ రోడ్డు అక్కడ కలుస్తుంది గనుక ఎప్పుడూ ఎవరో ఒకరు మూటాముల్లెతో నిలబడి ఉండేవాళ్లు. చలికాలం ఆరుకే చీకటి. నా బస్సు ఆలస్యమైన రోజు బాపు చేతిలో బ్యాటరీ, కర్రతో చౌరస్తాకు వచ్చి నిలబడేవాడు. దారిలో వీధిదీపాలు లేవు. కర్ర పాముల కోసం, బ్యాటరీ కుక్కల కోసం అనేవాడు. తిరగేసి చెప్పాడేమో అని నేను అంటే, పాము వెలుగుకు భయపడదు, కుక్క కర్రకు భయపడదు, మీ బడిలో ఇవేం చెప్పరా అనేవాడు.

హిమాయత్‌నగర్‌లో మా మేనమామ ఇల్లు. వాళ్ల పిల్లలు మా ఇంటికి రావాలంటే పులిహోర కట్టుకుని బయలుదేరేవాళ్లు, యాత్రకు పోయినట్టు. "అత్తా, మీ ఊళ్లో బావి ఉందా?" అని అడిగేవాళ్లు. అదే మా నల్గొండ చుట్టాలు వస్తే, "పట్నపోళ్లు, మీకేం" అనేవాళ్లు. మేమేమో దసరా బట్టలు కొనడానికి సుల్తాన్‌బజార్‌కు పోయేటప్పుడు "పట్నం పోతున్నాం" అనేవాళ్లం. ఎవరు అడిగినా చిరునామా చివర సరూర్‌నగర్ మండలం, రంగారెడ్డి జిల్లా అని రాయాల్సిందే. కాలేజీలో దరఖాస్తు తీసుకున్న గుమాస్తా అది చూసి, "హాస్టలు కావాలా అమ్మా?" అని దయగా అడిగాడు.

కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి మాత్రం మంగళవారాలు నడిచే పోయేవాళ్లం. ఆ గుడి కాకతీయుల నాటిదని చెబుతారు. దాన్ని పడగొట్టించడానికి ఔరంగజేబే వచ్చాడనీ, లోపలి నుంచి "మందిర్ తోడ్నా హై రాజా, తో కర్ మన్ ఘట్" అని గొంతు వినిపించిందనీ, గుడి కూల్చాలంటే ముందు గుండె గట్టి చేసుకో అని దాని అర్థమనీ, ఆ మాటే ఊరి పేరైందనీ పూజారిగారు కొబ్బరిచిప్ప చేతిలో పెడుతూ చెప్పేవారు. ఊరి పేర్ల వెనుక కథలను నేను అంత తొందరగా నమ్మను. కానీ ఇల్లు బిల్డరుకు ఇస్తున్నానని సంతకం పెట్టే వారంలో ఆ కథ నాకు రెండుమూడుసార్లు గుర్తొచ్చింది.

*

నీళ్ల సంగతి రాయకపోతే మా వైపు కథ రాసినట్టే కాదు.

మొదట్లో ద్రాక్షతోట బావి. తోట కాపలా తాత ఉదయం ఒక గంట మోటారు వేసి ఉంచేవాడు. కాలువలో ఎవరి బిందె వాళ్లు ముంచుకోవాలి. పండ్లు కోసే రోజుల్లో మాత్రం ఆడపిల్లలమే రావాలని షరతు. మగపిల్లలు బిందెలో నీళ్లకంటే ద్రాక్షలే ఎక్కువ తీసుకుపోతారని ఆయన అనుభవం. అవి అనాబ్-ఎ-షాహీ ద్రాక్షలు. పొడుగ్గా, లేత పసుపు పచ్చగా, లోపల గింజతో ఉండేవి. హైదరాబాదు చుట్టూ అన్ని వైపులా ఆ తోటలుండేవి. ఇప్పటి పిల్లలకు గింజ ఉన్న ద్రాక్ష పెడితే ఏదో తప్పు జరిగినట్టు చూస్తారు.

తర్వాత ఇంటికొక బోరు. బోరు లారీ వచ్చిన రాత్రి వీధిలో ఎవరూ పడుకునేవాళ్లు కాదు. దుమ్ము తెల్లగా లేచి మంచంమీద దుప్పట్ల మీద పడేది. "ఎంతలో పడింది?" అన్నదే మరుసటి పొద్దున అందరి పలకరింపు. మాకు నూట యాభై అడుగుల్లో పడింది. ఐదేళ్లకు ఎండిపోయింది. పక్కింటి అత్తయ్యగారిది మూడువందలు. వాళ్లది గోదావరి వైపు. ఆవిడ కాలవల దేశం నుంచి వచ్చిన మనిషి. మొదటిసారి బోరు ఎండినప్పుడు గడపలో కూర్చుని, "నీళ్లు కొనుక్కోవడం ఏమిటండీ వదినగారూ, మా వైపు నీళ్లను తిడతాం గానీ కొనం" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అమ్మ ఆవిడను ఓదార్చిన తీరు నాకు బాగా గుర్తు. "ఊరుకో వదినా, ఆ కళ్లనీళ్లు కూడా దాచుకో, ట్యాంకరు శుక్రవారం దాకా రాదు."

బోర్లు కిందికి పోతున్నకొద్దీ తోటలు ఎండాయి. తోటలు ఎండినకొద్దీ జాగలయ్యాయి. జాగలైనకొద్దీ మళ్లీ బోర్లు. ఈ చక్రం తిరగడం నేను కళ్లారా చూశాను. మేం కూడా దాన్ని తిప్పినవాళ్లమే. తోట తాత ఉద్యోగం ఊడిన రోజు ఒక గంపెడు ఎండు ద్రాక్షపుల్లలు తెచ్చి మా పొయ్యికని ఇచ్చి పోయాడు. చక్కగా మండాయి. ఆయన ఆ తర్వాత ఎక్కడికి పోయాడో మేం ఎవరం అడగలేదు.

ట్యాంకరు వచ్చిందంటే యుద్ధమే. డ్రమ్ములు, బకెట్లు, చివరికి ఊయల తొట్టి కూడా తెచ్చేవాళ్లున్నారు. పైపు నోరు పట్టుకున్నవాడు ఆ వీధికి రాజు. సంక్రాంతికి కొత్తబట్టలు కుట్టించినా నీళ్లు లేక తలంటు లేని పండుగలు చేసుకున్నాం.

2004లో కృష్ణానీళ్లు హైదరాబాదు చేరాయి. నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా గుట్టలెక్కి, గొట్టాల్లో వచ్చి, అవి దిగింది ఎక్కడనుకున్నారు? మా పక్కన సాహెబ్‌నగర్ రిజర్వాయరులో. బాపు ఆ రోజు కాలినడకన పోయి చూసి వచ్చాడు. మన జిల్లా నీళ్లు మన వెనకే వచ్చాయి అన్నాడు. గొట్టాలు మా దగ్గరి నుంచే పట్నానికి వెళ్లాయి. మా వీధికి నల్లా రావడానికి ఇంకా కొన్ని వేసవులు పట్టింది. రాత్రిపూట ఆ పెద్ద గొట్టం ఉన్న రోడ్డు మీద నడుస్తుంటే, కింద నీళ్లు పోతున్న చప్పుడు వినబడుతోందని అన్న అనేవాడు. వాడి లెక్కలు అంతే అన్నాను కదా. కానీ నేను కూడా ఒకసారి వంగి విన్నాను.

*

మా ఇంటికి మూడు నంబర్లు మారాయి. మొదటిది పంచాయతీ వాళ్లది. పంచాయతీ ఆఫీసు అంటే చింతచెట్టు కింద రెండు గదులు. ఇంటిపన్ను కట్టమని డప్పు వేసి చాటింపు వేసేవాళ్లు. ఇల్లు కట్టడానికి అనుమతి అంటే సర్పంచి సంతకం, ఒక రబ్బరు ముద్ర. అంతే. ప్లాను కాగితం మీద మా వంటగది ఎక్కడుందో సర్పంచికి అనవసరం, మాకూ కట్టేదాకా తెలియదు.

మధ్యలో ఊళ్లన్నీ కలిపి ఎల్.బి.నగర్ మున్సిపాలిటీ అన్నారు. లాల్ బహదూర్ శాస్త్రి పేరు. రెండో నంబరు వచ్చింది. నీలిరంగు రేకు మీద తెల్లటి అంకెలు. వీధిదీపాలు వచ్చాయి, కమిషనరు వచ్చాడు, చెత్త ఎత్తే రిక్షా వచ్చింది. చెత్త తీసుకుపోయి ఆటోనగర్ దగ్గర పోసేవాళ్లు. అది కాలిన రోజు గాలి మా వైపు తిరిగితే కిటికీలు మూసుకుని కూర్చునేవాళ్లం. జింకలు ఏం చేసేవో తెలియదు. 2001 జనాభా లెక్కల్లో మా మున్సిపాలిటీ రెండున్నర లక్షలు దాటిందని పేపర్లో చదివి, బాపు ఆ ముక్క కత్తిరించి డైరీలో పెట్టుకున్నాడు. అందులో మనం నలుగురం అన్నాడు. మాకు నవ్వొచ్చింది గానీ, ఆయన ముఖంలో పరీక్ష పాసైన కుర్రాడి కళ ఉంది.

అయితే నేను ఒకటి చెప్పాలి. మున్సిపాలిటీ అంటే అందరూ ఆశించింది రోడ్లు, నీళ్లు. మొదట వచ్చింది మాత్రం పన్ను. ఒక వానాకాలం బాపు మురుగుకాలువ గురించి పదకొండు దరఖాస్తులు రాశాడు. పదకొండూ కార్బన్ కాపీలతో సహా ఉన్నాయి. ప్రతిదీ "మహారాజశ్రీ" అని మొదలై "చిత్తగించవలెను" అని ముగుస్తుంది. ఏడో దరఖాస్తు దగ్గర "మహారాజశ్రీ" తీసేశాడు. అదే ఆయన చేసిన అతి పెద్ద తిరుగుబాటు.

మూడో నంబరు 2007లో. ఏప్రిల్ 16న చుట్టూ ఉన్న పన్నెండు మున్సిపాలిటీలనూ, కొన్ని పంచాయతీలనూ కలిపి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ చేశారు. ఉప్పల్, కాప్రా, అల్వాల్, మల్కాజిగిరి, కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, రాజేంద్రనగర్, ఇంకా మేము. 172 చదరపు కిలోమీటర్ల పాత నగరం ఒక్కరోజులో ఆరువందల పైచిలుకైంది. ఆ రోజు పొద్దున లేచి చూస్తే అదే వీధి, అదే కుక్క, అదే మురుగుకాలువ. మేం మాత్రం పట్నం వాళ్లం. మేనమామకు ఫోను చేసి, "ఇక మేమూ నీ ఊరివాళ్లమే" అని అమ్మ చెప్పింది. ఆయన ఏమన్నాడో గానీ ఫోను పెట్టేశాక అమ్మ చాలాసేపు నవ్వుకుంది.

ఆ వెంటనే లేఅవుట్ల క్రమబద్ధీకరణ వచ్చింది. సర్పంచి ముద్రతో కట్టిన ఇళ్లు సక్రమం కావాలంటే రుసుము కట్టాలి. ఇరవై ఏళ్లుగా కాపురం ఉంటున్న ఇంటిని సక్రమం చేసుకోవడానికి బాపు పీఎఫ్ డబ్బుల్లోంచి తీసి కట్టాడు. రసీదు తెచ్చి అమ్మ చేతిలో పెట్టి, "ఇవాళ్టి నుంచి మనం అక్రమంగా లేము" అన్నాడు.

*

బతుకమ్మ పండుగకు పూలు మేం ఎప్పుడూ కొనలేదు. చుట్టూ ఖాళీ జాగల్లో తంగేడు, గునుగు. పిల్లలం తెల్లారకముందే సంచులు పట్టుకుని పోయేవాళ్లం. ఎవరి జాగలో ఎక్కువ గునుగు ఉందో మాకు తెలుసు. జాగల యజమానులు అమెరికాలో ఉన్నా, అమలాపురంలో ఉన్నా, వాళ్ల జాగలను వాడుకున్నది మేమే. బతుకమ్మను పేర్చి, సాయంత్రం చెరువు కట్ట మీదికి. గోదావరి అత్తయ్యగారు మొదటి ఏడాది దూరంగా నిలబడి చూసింది. రెండో ఏడాది చప్పట్లు కలిపింది. మూడో ఏడాది ఆవిడ పేర్చిన బతుకమ్మే వీధిలో అందరికంటే ఎత్తు. "అట్లతద్దికి మీరు రావాలి మరి" అని అమ్మ దగ్గర మాట తీసుకుంది.

ఒక్కో ఏడాది పూలకు ఇంకో వీధి అవతలికి పోవాల్సి వచ్చేది. తర్వాత రింగు రోడ్డు దాటి. తర్వాత అన్న స్కూటరు మీద హయత్‌నగర్ దాకా. ఆ తర్వాత చౌరస్తాలో మోపు ఇంత అని కొన్నాం. ఇళ్లు ఎన్ని పెరిగాయో పంచాయతీ లెక్కలు నాకు తెలియవు. మాకు తంగేడుపువ్వు ఎంత దూరం జరిగితే శివారు అంత దూరం జరిగినట్టు.

చెరువు కూడా సగమైంది. అది శిఖం భూమి, చెరువు నిండితే నీళ్లు నిలిచే నేల అని అందరికీ తెలుసు, అయినా జాగలు అమ్మారు, అయినా కొన్నారు. 2020 అక్టోబరు వానకు ఆ చెరువు తన జాగ తాను వెతుక్కుంటూ వచ్చింది. పల్లం వీధుల్లో పడవలు తిరిగాయి. మా ఇల్లు ఎత్తు మీద ఉంది గనుక బతికిపోయాం. మా గదుల్లో ఆ వారం పదిహేడు మంది పడుకున్నారు. కాచిగూడ గది గుర్తొచ్చిందని బాపు అన్నాడు. ఆయన సంతోషంగా ఉండటం చూసి అమ్మ కోప్పడింది.

మెట్రో రైలు 2018 సెప్టెంబరులో ఎల్.బి.నగర్ దాకా వచ్చింది. మొదటివారమే బాపును ఎక్కించుకుని నాంపల్లి పోయాను. ముప్ఫై ఏళ్లు బస్సు ఫుట్‌బోర్డు మీద పోయిన దారి అది. ఏసీ పెట్టెలో కూర్చుని కిందికి చూస్తూ, కొత్తపేట, అప్పటికి ఇంకా అక్కడే ఉన్న పండ్ల మార్కెట్టు, విక్టోరియా మెమోరియల్ అనాథాశ్రమం చెట్లు, దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి వీధి ఒక్కొక్కటీ గుర్తుపట్టి వేలు పెట్టి చూపించాడు. మలక్‌పేట వచ్చేసరికి మౌనంగా అయిపోయాడు. ఏమిటి బాపూ అంటే, "వాసనలేవీ రావట్లేదే" అన్నాడు.

*

సంతకాలు పదకొండు గంటలకు అయిపోయాయి. బిల్డరు మర్యాదస్తుడే. హద్దురాయి గురించి అడిగితే, పాత సామానంతా మీ ఇష్టమండీ, తీసుకుపోండి అన్నాడు. ఆ రాయిని ఎక్కడికి తీసుకుపోను? విజయవాడలో నేనుండేది మూడో అంతస్తు. వెనక్కి పోయి చూశాను. ఏడు కూడా పోయింది. తడిసినప్పుడు మాత్రం ఎర్రటి నీడలా ఏదో కనిపిస్తుంది.

మధ్యాహ్నం అన్న కొడుకు వచ్చాడు. ఐటీలో ఉద్యోగం, పోయిన నెలలోనే ప్లాటు కొన్నాడట. బాటసింగారం దాటి ఇంకా లోపలికి, ఔటర్ రింగు రోడ్డు అవతల. నీళ్లింకా లేవు, ట్యాంకరు రావాలి, బస్సు హైవే దాకానే, లోపలికి రెండు కిలోమీటర్లు బండి మీద పోవాలి. రాత్రయితే కుక్కలు. ఇవన్నీ వాడు ఎవరూ ఎప్పుడూ వినని కష్టాల్లా చెబుతుంటే, నేనూ అన్నా ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా జాగ్రత్తపడ్డాం.

అమ్మ అంతా విని, "అక్కడ తంగేడు ఉందారా?" అని అడిగింది.

"అదేమిటి నానమ్మా?"

"పచ్చటి పువ్వు. పొద."

వాడు ఫోను తీసి, రిజిస్ట్రేషను రోజు ప్లాటులో నిలబడి దిగిన ఫోటో చూపించాడు. కొత్త చొక్కా, చేతిలో కాగితాలు, కాళ్ల దగ్గర నంబరు వేసిన తెల్లటి రాయి. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని ఫోను చేతిలోకి తీసుకుంది. వాడి ముఖం మీద వేళ్లు పెట్టి పెద్దది చేయబోతుందనుకున్నాను. వాణ్ణి పక్కకు జరిపి, వెనక కంచె పక్కనున్న పచ్చటి మచ్చను పెద్దది చేసి, కళ్ల దగ్గరగా పెట్టుకుని చూస్తోంది.

"ఇంత ఉంటే చాలు. బతుకమ్మకు నన్ను ఒకరోజు బండి మీద తీసుకుపో," అంది.